కొత్త పైపులు మోగుతున్నాయి: టైల్స్ తీయించాలా, వాల్వ్ తిప్పితే చాలా?

కంటోన్మెంట్, విజయనగరం:
మాది పాత డాబా ఇల్లు. జీఐ (జింకు పూత ఇనుప) పైపులు తుప్పు పట్టి, పొద్దున్నే కొళాయి తిప్పితే టీ డికాషన్ రంగులో నీళ్లు వచ్చేవి. సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారని మొత్తం సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించాం. మేడ మీద ప్రెషర్ పంపు కూడా పెట్టించాం. ఇప్పుడు వంటింటి కొళాయి కట్టేస్తే చాలు, గోడలో దబ్‌మని శబ్దం. ఆ గోడకున్న స్టాండులో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. రాత్రి ఎవరు లేచి కొళాయి తిప్పినా మా అత్తగారు ఉలిక్కిపడి లేస్తున్నారు. మేస్త్రి "ఏటీ కాదమ్మా, గాలి పట్టింది, నాలుగు రోజుల్లో అదే పోతాది" అన్నాడు. మూడు వారాలైంది. మా ఆయన టైల్స్ తీయించి చూద్దామంటున్నారు, ఎదురింటివాళ్లు నీళ్ల లైన్‌లోని గేట్ వాల్వ్ సగం కట్టేయమంటున్నారు. ఏం చేయమంటారు?

దాసన్నపేట:
వాల్వ్ సగం కట్టేయండి అక్కా. మా ఇంట్లో అదే చేశాం, ఆరు నెలలుగా చప్పుడు లేదు. కొత్త టైల్స్ మీద సుత్తి పడుతుందంటేనే ప్రాణం ఉసూరుమంటుంది.

గుజరాతీపేట, శ్రీకాకుళం:
అసలు తప్పు ప్లాస్టిక్‌ది. జీఐ ఉన్నన్నాళ్లూ ఎప్పుడైనా మోగిందా?

బలగ, శ్రీకాకుళం:
అమ్మా, చాలా ఏళ్లు కట్టడం పనులు చూసినవాణ్ణి. శబ్దం ఎప్పుడొస్తోందో మీరే చెప్పారు, సగం జవాబు అందులోనే ఉంది. గాలి పడితే కొళాయి తిప్పినప్పుడు తెలుస్తుంది, నీళ్లు ఆగి ఆగి బుస్సుమంటూ చిమ్ముతాయి. మీకు కట్టేసినప్పుడు వస్తోంది. పైపులో పరుగెత్తే నీళ్లు ఒక్కసారి ఆగి వెనక్కి కొట్టే దెబ్బ అది. వాటర్ హ్యామర్ అంటారు. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలైనా పోదు.

జీఐ మోగలేదన్నది నిజమే, కారణం మాత్రం వేరు. సెకనుకు ఒక మీటరు వేగంతో వెళ్లే నీటిని టక్కున ఆపితే ఇనుప పైపులో ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు సుమారు 12 కేజీలు పెరుగుతుంది, ప్లాస్టిక్‌లో 4, 5 కేజీలే. ఆ లెక్కన ఇనుమే ఎక్కువ మోగాలి. కానీ పాత కొళాయి మూడు నాలుగు చుట్లు తిప్పితేగాని కట్టేది కాదు, ఇప్పటివి పావు చుట్టుకే మూసుకుంటాయి. పైగా పాత పైపు బరువు, సిమెంటులో బిగిసి ఉండేది. సీపీవీసీ తేలిక. గాడిలో వదులుగా ఉంటే ప్రతి దెబ్బకూ ఇటుకకు కొట్టుకుంటుంది.

ఇక ప్రెషర్ సంగతి. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కింద 1 కేజీ. మామూలు డాబా ఇంట్లో అంత కూడా ఉండదు. దానికి మీరు పంపు తోడు చేశారు. టైల్స్ జోలికి పోకముందు పంపు లేకుండా, దాన్ని తప్పించి పోయే బైపాస్ లైన్‌లో ఒకరోజు నీళ్లు వదిలి చూడండి. అప్పటికీ మోగితే, బయటికి కనిపించే చోటల్లా పైపును చేత్తో కదిపి చూడండి. అడ్డంగా పోయే ముప్పాతిక ఇంచీ పైపుకు గోడకు పట్టి ఉంచే క్లాంప్ మూడడుగులకొకటి ఉండాలి.

దాసన్నపేట:
వాల్వ్‌తో పోయేదానికి ఇదంతా ఎందుకండీ?

బలగ, శ్రీకాకుళం:
పోతుంది బాబూ, కాదనను. వేగం తగ్గితే దెబ్బ తగ్గుతుంది. కానీ గేట్ వాల్వ్ పూర్తిగా తెరవడానికో పూర్తిగా మూయడానికో చేసింది. సగంలో ఉంచితే నీళ్లు దాని పలకను ఒరుసుకుంటూ పోయి అది అరుగుతుంది, రేపు ఏ కొళాయో మార్చాలంటే నీళ్లు పూర్తిగా ఆగవు. మీ మేడ మీద షవర్ ఎలా వస్తోందో కూడా ఒకసారి చూసుకోండి.

దాసన్నపేట:
సన్నగానే వస్తోంది. దానికి మునిసిపాలిటీ నీళ్లే కారణమనుకున్నాం.

కంటోన్మెంట్, విజయనగరం:
బాబాయిగారూ, బైపాస్‌లో వదిలితే సగం తగ్గింది. సింకు కింద టార్చి వేసి చూస్తే అక్కడి ఎల్బో (పైపు మలుపు ముక్క) వేలితో తోస్తేనే కదులుతోంది. మేడ మీదైతే ఆరేడడుగుల పైపుకు ఒక్క క్లాంపూ లేదు. నిన్న మేస్త్రిని పిలిచి అన్నీ వేయించాం, టైల్ ఒక్కటీ తీయలేదు. గ్లాసులు కదలడం లేదు. పంపు మళ్లీ వేస్తే చిన్నగా టక్‌మంటుంది, అంతే. అయితే గీజర్ వేసినప్పుడు కొత్తగా టిక్ టిక్‌మంటోంది. ఇదేమిటి?

బలగ, శ్రీకాకుళం:
వేడినీళ్ల లైన్‌కు క్లాంపులు బిగించేసి ఉంటాడు. మూడు మీటర్ల సీపీవీసీ ముప్పై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి జరిగే చోటు కావాలి. ఆ లైన్‌లో స్క్రూలు కాస్త వదులు చేయమనండి. చన్నీళ్ల వైపు మాత్రం ముట్టుకోవద్దనండి.