అప్‌డేట్: మీరు చెప్పిన 2024 మెటల్ ఆల్బమ్‌లు విన్నాను

పాతకాలపు హెవీ మెటల్ (గట్టి గిటార్ల రాక్ సంగీతం) దాటి డెత్ మెటల్ (గర్జించినట్టు పాడే తీవ్రమైన శాఖ), ప్రోగ్రెసివ్ మెటల్ (పొడవైన, మలుపులున్న రచనల శాఖ) వైపు వెళ్లాలంటే 2024 ఆల్బమ్‌లలో ఏవి వినాలని అడిగాను కదా. సూచించిన అందరికీ ధన్యవాదాలు.

మనసంతా డెత్ మెటల్ బృందం బ్లడ్ ఇన్‌కాంటేషన్ ఆల్బమ్ ‘అబ్సల్యూట్ ఎల్స్‌వేర్’ దగ్గరే ఆగిపోయింది. ఉన్నవి రెండే రచనలు, ఒక్కొక్కటి 20 నిమిషాల పైమాటే. వాటిలో ఒకటైన ‘ది స్టార్‌గేట్’ రెండో భాగంలో డ్రమ్ముల హోరు అణగి, ఎలక్ట్రానిక్ సంగీత బృందం టాంజరీన్ డ్రీమ్‌కు చెందిన టోర్‌స్టన్ క్వేష్నింగ్ సింథసైజర్ తెరలు తెరలుగా పరచుకుంటుంది. ఆ నెమ్మది తర్వాత గర్జన మళ్లీ విరుచుకుపడితే ఒళ్లు జలదరించింది. దయచేసి మధ్యలో ఆపకుండా వినండి.

హెవీ మెటల్ బృందం జుడాస్ ప్రీస్ట్ ఆల్బమ్ ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’లో, అది విడుదలైనప్పటికి 72 ఏళ్లున్న గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ గొంతుకు చేతులెత్తి మొక్కాలి. ప్రోగ్రెసివ్ మెటల్ బృందం ఓపెత్ ఆల్బమ్ ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో 2008 తర్వాత మళ్లీ గర్జనలు వినిపించాయి, జెత్రో టల్ రాక్ బృందానికి చెందిన ఇయాన్ ఆండర్సన్ వేణువూ ఉంది; కానీ అందులోని కథ పట్టుబడటానికి నాకింకా సమయం కావాలి. మెటల్‌లో మరో శాఖ అయిన బ్లాక్ మెటల్ ఇకపై మొదలుపెడతాను.