నోటు వెనక ‘చెల్లు’ అంటే రసీదేనా?

ప్రశ్న: పాత ప్రామిసరీ నోటు ఒకటి చూశాను. వెనకవైపు ‘ఈ నోటు బాకీలో రూ. 500 చెల్లు’ అని రాసి, తేదీ వేసి, అప్పు తీసుకున్నాయన సంతకం పెట్టారు. డబ్బు పుచ్చుకున్నవాళ్లు కదా సంతకం పెట్టాల్సింది?

జవాబు: అది రసీదు కాదండీ. రసీదునే పాతకాలంలో చెల్లుచీటీ అనేవారు. సొమ్ము ముట్టినవాళ్లు రాసిస్తారు, కట్టినవాళ్లు దాచుకుంటారు. నోటు మీద చెల్లు దీనికి తిరగేసి. కట్టినవాళ్లు రాస్తారు, నోటుతోపాటు అప్పిచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది.

కారణం కాలదోషం. అడగ్గానే ఇస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. అది దాటితే కోర్టులో దావా నిలవదు. గడువులోపు కొంత సొమ్ము కట్టి, ఆ సంగతి బాకీదారు స్వయంగా రాసినా, కింద సంతకం చేసినా, కట్టిన రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెప్పేది ఇదే. 2021 జూన్ 10 నాటి నోటుకు 2024 మే 28న వంద రూపాయలు చెల్లు పడితే గడువు 2027 మే దాకా సాగుతుంది. లక్ష బాకీలో వంద తగ్గితే ఎవరికి లాభం చెప్పండి! ‘పోనీ, ఓ వంద చెల్లు వెయ్యి బాబూ’ అని పెద్దమనుషులు మెత్తగా అడిగేది అందుకే. అప్పిచ్చినాయన తనే రాసుకుని తనే సంతకం చేసుకుంటే మాత్రం గడువు పెరగదు.

ఇంకొకరు: ‘చెల్లుకు చెల్లు’లో ఉన్నదీ ఇదేనా?

జవాబు: మాట అదే, కానీ అక్కడ లెక్క పూర్తిగా తేలిపోయింది. నోటు మీద చెల్లుతో బాకీ కొంతే తగ్గుతుంది, నోటు బతికే ఉంటుంది. ‘కాలం చెల్లిన మందులు’లో క్రియ ‘అయిపోవడం’ వైపు వెళ్లింది. ‘ఈ నోటు చెల్లదు’లో చలామణీ వైపు. ఈ రెండు అర్థాలూ నోటు దగ్గర ఎదురుపడతాయి: కాలం చెల్లాక వేసిన చెల్లు చెల్లదు.

అలాంటప్పుడు పాత బాకీ తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దానికి వీలిచ్చింది. మా వైపు దాన్ని ‘నోటు తిరగరాయడం’ అంటారు.