మాల్టాకి మూడు రోజులే: గోజో వెళ్లాలా, మానుకోవాలా?

డబ్లిన్ గోదారి:
అందరికీ నమస్తే. మేం ఐర్లండ్‌లో ఉంటాం. అక్టోబర్ చివర్లో అమ్మానాన్నలని తీసుకుని మాల్టా (మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న దీవుల దేశం) వెళ్తున్నాం, తిరగడానికి సరిగ్గా మూడు రోజులు, నలుగురిలో ఎవరమూ ఇంతకుముందు చూడలేదు. మా ఆవిడ ఒక రోజు గోజో దీవికి ఇవ్వాల్సిందే అంటోంది. నాకేమో ఆ రోజు కూడా రాజధాని వాలెట్టాలోనే నింపాదిగా తిరగాలని ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మ ప్యూర్ వెజ్. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ, తీర్పు మీరే చెప్పండి.

దేశదిమ్మరి:
నా ఓటు మీ ఆవిడకే. మాల్టా దాకా వెళ్లి గోజో చూడకుండా రావడమంటే తిరుపతి వెళ్లి కొండెక్కకుండా వచ్చినట్టే. అక్కడి జగంతీయా రాతి గుళ్లు క్రీస్తుపూర్వం 3600 నాటివి, అంటే గీజా పిరమిడ్ల కంటే దాదాపు వెయ్యేళ్లు పాతవి. వాలెట్టా నుంచి ఫాస్ట్ ఫెర్రీ ముప్పావుగంటే. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. ఒక్క మాట, ఫొటోల్లో కనిపించే ఆ పెద్ద రాతి కమాను, అజూర్ విండో, 2017లోనే కూలిపోయింది. దాని కోసమైతే వెళ్లకండి.

కోటల పిచ్చి:
ముప్పావుగంట నీళ్ల మీద బ్రదర్. హోటల్ నుంచి రేవుకి, రేవులో క్యూ, దిగాక ఊళ్లోకి బస్సు, మళ్లీ తిరుగు ప్రయాణం, ఇవన్నీ ఎవరు లెక్కేస్తారు? పైగా పాత గుళ్లే కావాలంటే పెద్ద దీవిలోనే హజర్ ఇమ్, ఇమ్‌నైద్రా ఉన్నాయి, ఎండకీ వానకీ పాడవకుండా పైన టెంట్లు కూడా వేశారు.

వాలెట్టా ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు, కానీ ఒక్క రోజులో అయ్యే ఊరు కాదు. 1565లో ఒట్టోమన్ తుర్కుల సైన్యం ముట్టడిస్తే అప్పుడు మాల్టాని ఏలుతున్న సెయింట్ జాన్ నైట్లు, అంటే క్రైస్తవ యోధుల సంఘం వాళ్లు, తట్టుకుని నిలబడ్డారు, ఆ మరుసటి ఏడాదే వాళ్ల అధిపతి ద లా వాలెట్ కొత్త ఊరికి పునాది వేయించాడు, ఊరి పేరు అతనిదే. అక్కడి పెద్ద చర్చి సెయింట్ జాన్ కో-కెథడ్రల్ బయట నుంచి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. లోపలికి అడుగుపెట్టాక కాళ్ల కింద నేలంతా రంగురంగుల పాలరాతి సమాధి ఫలకాలు, ఒక్కోటీ ఒక్కో నైట్‌ది, అందుకే హైహీల్స్‌తో రానివ్వరు. పక్కగదిలో కరవాజ్జో 1608లో గీసిన యోహాను శిరచ్ఛేదం ఉంది, ఆయన సంతకం ఉన్న బొమ్మ ఇదొక్కటే, అదీ మెడ నుంచి కారిన రక్తంలో రాసినట్టు పెట్టాడు. నేను దాని ముందే గంట కూర్చున్నాను. పడవ టైమ్ చూసుకుంటూ అలా కూర్చోగలరా?

స్లీమా వాసి:
ఇక్కడ మాల్టాలోనే మూడేళ్లుగా ఉంటున్నా కాబట్టి చెప్తున్నా, ఇద్దరూ సగం సగం చెప్పారు. గాలి ఎక్కువైతే ఫాస్ట్ ఫెర్రీ ఆపేస్తారు, అక్టోబర్ చివర్లో ఆ రిస్క్ ఉంటుంది. అప్పుడు ఉత్తరం కొసన ఉన్న చిర్కెవ్వాకి వెళ్లి పెద్ద ఫెర్రీ ఎక్కాలి. అది పాతిక నిమిషాలే, కానీ వాలెట్టా నుంచి అక్కడికి బస్సులో గంట పైనే, బస్సు నిండితే స్టాప్‌లో ఆపకుండా వెళ్లిపోతుంది. పెద్దవాళ్లని నిలబెట్టి మూడో బస్సు కోసం చూస్తూ ఉంటే సెలవు మూడ్ మొత్తం పోతుంది.

అలాగని వాలెట్టా మోకాళ్లకి సుఖమనుకోకండి, వీధులన్నీ ఎగుడుదిగుడు, చాలాచోట్ల మెట్లే. రేవు నుంచి అప్పర్ బరాక్కా తోటకి లిఫ్ట్ ఉంది, అది వాడండి. ఆ పక్కనే పడవెక్కితే బిర్గు ఊరు, 1565 యుద్ధమప్పుడు నైట్లు ఉన్నది అక్కడే.

నా మాట: గోజోలో ఒక రాత్రి పడుకునేలా అయితే వెళ్లండి, లేకపోతే వద్దు. సాయంత్రం డే ట్రిప్ జనమంతా వెళ్లిపోయాకే ఆ దీవి బాగుంటుంది.

దేశదిమ్మరి:
మేం కారు అద్దెకి తీసుకుని ఒక్క రోజులో హాయిగా చూశాం. 1964 దాకా బ్రిటిష్ వాళ్లదే కదా, మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, ఐర్లండ్‌లో ఉండేవాళ్లకి అసలు ఇబ్బందే లేదు.

కోటల పిచ్చి:
మీరు ఇద్దరు కుర్రాళ్లు వెళ్లారు, వాళ్లు అరవై దాటిన తల్లిదండ్రులతో వెళ్తున్నారు. తేడా లేదా?

పెసరట్టు ఫ్యాన్:
గోజో గొడవ తర్వాత తేల్చుకోండి, ముందు హల్ సఫ్లీనీ హైపోజియం టికెట్లు చూడండి. ఐదు వేల ఏళ్ల కిందట రాతిని తొలిచి భూమి లోపల కట్టిన సమాధి మందిరం అది, విడతకి పది మందినే పంపుతారు, నెలల ముందే అయిపోతాయి. లోపల మెట్లున్నాయి, నాన్నగారి సంగతి ఆలోచించుకోండి. ఐర్లండ్ వీసా మాల్టాలో చెల్లదు, అమ్మానాన్నలకి షెంజెన్ వీసా (మాల్టాతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) వేరే కావాలి, ఇండియాలో ఉండగానే తీసుకోమనండి. అమ్మగారికి తిండి: పస్తిత్సీ అని బఠానీ ముద్ద పెట్టి కాల్చేవి వీధివీధినా దొరుకుతాయి, చూడ్డానికి వెజ్జే, కానీ కొన్నిచోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు. అడక్కుండా కొనకండి. నేను రెండు తిన్నాక తెలుసుకున్నా.

డబ్లిన్ గోదారి:
థ్యాంక్సండీ అందరికీ. వీసాలు పోయిన వారమే వచ్చాయి. హైపోజియంకి మా తేదీల్లో రెండు టికెట్లే కనిపిస్తున్నాయి, అమ్మా మా ఆవిడా వెళ్తారు, నేనూ నాన్నా బయట కాఫీ తాగుతాం. అసలు చిక్కు ఏంటంటే మా ఆవిడ ఈ చర్చంతా చదివేసి గోజోలో ఒక రాత్రి హోటల్ తీసుకోమంటోంది. వాలెట్టాలో మూడు రాత్రులకీ డబ్బు కట్టేశాను, వెనక్కి రాదు. స్లీమా వాసి గారూ, ఇదంతా మీ పుణ్యమే.

స్లీమా వాసి:
హహ, సారీ అండీ. వాలెట్టా గది అలాగే ఉంచుకోండి, పెద్ద సామాను అక్కడే వదిలేసి చిన్న బ్యాగుతో వెళ్లండి. రెండో రాత్రి వెళ్లండి, చివరి రాత్రి మాత్రం వద్దు. గాలి లేచి ఫెర్రీ ఆగిందంటే ఫ్లైట్ పోతుంది.