"చీని చీనాంబర"లో 'ని'యా, 'న'యా?

పద్యప్రియ:
శ్రీనాథుడి హరవిలాసం పీఠికలో ఓడ సరుకుల సీసపద్యం ఉంది కదా. "భోట గస్తూరికా పుటకోశములు దెచ్చి" దాకా నోటికి వస్తోంది. తర్వాతి సగం "చీని చీనాంబరశ్రేణి దెచ్చి" అనా, "చీన చీనాంబరశ్రేణి" అనా? "చీర చీనాంబర" అని చదివేవాళ్లూ ఉన్నారు. చీనాంబరం అంటేనే చీనా బట్ట. ముందు మళ్లీ చీని ఎందుకు? శ్రీనాథుడు చోటు నింపడానికి మాట వేసే కవి కాడు.

ఛందోమిత్ర:
గణాలు కడితే: "చీనిచీ" రగణం (గురువు, లఘువు, గురువు). "నాంబర" తర్వాత "శ్రే" ఉంది, ఒకే సమాసం కనుక 'ర' గురువవుతుంది, అదీ రగణమే. "శ్రేణి", "దెచ్చి" రెండూ గలాలు (గురువు, లఘువు). సీసపాదం రెండో సగానికి కావలసిన రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు సరిపోయాయి. యతి, అంటే మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు, ఇక్కడ చీ–శ్రే: చకార శకారాలకు మైత్రి ఉంది, ఈ–ఏలకు స్వరమైత్రి ఉంది. కనుక మొదటి అక్షరం "చీ" ఉంటే చాలు. రెండోది ని, న, ర ఏదైనా లఘువే, ఛందస్సు ఈ తగవు తీర్చదు. "చీనాంబరములు దెచ్చి" అని పాడే పాఠాన్ని మాత్రం కొట్టేయవచ్చు. అందులో మూడో గణం నిలవదు, యతీ పోతుంది.

మగ్గంమాట:
"చీర"ను ఛందస్సు తీసేయకపోయినా పద్యం నడక తీసేస్తుంది. సింహళంబున, హురుమంజి, గోవ, భోట (టిబెట్టు వైపు): ప్రతి సగంలో ముందు చోటు పేరు, తర్వాత సరుకు. చీర చోటు కాదు.

పునరుక్తి మాటకొస్తే, "హురుమంజి బలుతేజి హరులు" చూడండి. హురుమంజి అంటే హోర్ముజ్ ఓడరేవు. తేజి పారసీకంలోని తాజీ, అంటే అరబ్బు. హరులు గుర్రాలు. అరబ్బు గుర్రం అన్నాక హురుమంజి ఎందుకు అని ఎవరూ అడగరు. ఒకటి జాతి, ఒకటి సరుకు ఎక్కిన రేవు. చీనాంబరమూ అంతే, అది బట్ట రకం పేరు. ఆ రకాన్ని ఇంకెక్కడైనా నేస్తుంటే "చీనా నుంచే వచ్చిన చీనాంబరం" అని చెప్పక తప్పదు. ఇవాళ "ధర్మవరంలో నేసిన కంచిపట్టు" అని అంగట్లో అంటారు, విన్నవాళ్లు తడబడరు. చోటు పేరు రకం పేరైపోయిందనడానికి నా గుర్తు ఇదే: దాని ముందు మరో ఊరి పేరు పెట్టినా వాక్యం చెడకూడదు.

కావ్యపాఠి:
ఆ మార్పు శ్రీనాథుడి కంటే చాలా ముందే జరిగింది. శాకుంతలం మొదటి అంకం చివర "చీనాంశుకమివ కేతోః" అంటాడు కాళిదాసు. గాలికి ఎదురుగా తీసుకెళ్లే జెండా గుడ్డ అది. అక్కడ చీనా దేశం ఊసే లేదు, పల్చటి పట్టు అన్న అర్థమే పనిచేస్తోంది. శరీరం ముందుకు పోతుంటే మనసు వెనక్కి పరుగెత్తడానికి బరువు బట్టతో పోలిక కుదరదు. ఆ ఒక్క మాటను కాళిదాసు ఎంత చూసి వేశాడో!

సీమతోట:
నేను "చీని" వైపే. సంస్కృత సమాసం లోపల చీన– ఉంటుంది: చీనాంశుకం, చీనాంబరం. తెలుగులో విడిగా విశేషణంగా నిలబడేది చీని. దీనికి పక్కా సాక్ష్యం చీనికర్పూరం. పచ్చకర్పూరం వేరు, చీనికర్పూరం వేరు. మొదటిది సుమత్రా, బోర్నియో అడవుల్లోని పెద్ద చెట్ల కాండంలో గడ్డకట్టి దొరికేది. రెండోది చీనా, జపాను ప్రాంతాల చెట్టు చెక్కను ఆవిరి పట్టి తీసేది. ఇది తెలియక వంటలో చిక్కులొస్తాయి. చక్కెరపొంగలిలో, లడ్డులో వేసేది పచ్చకర్పూరం. కిలో పొంగలికి బియ్యపు గింజంత చాలు, దాన్ని నేతిలో నలిపి దింపే ముందు కలపాలి. ఎక్కువైతే చేదు, పొయ్యి మీద ఉండగా వేస్తే వాసన ఎగిరిపోతుంది. హారతి బిళ్లలు తినడానికి పనికిరావు.

అనంతపురం, కడప వైపు చీనీకాయ అన్నా ఇదే చీని. దాని శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్, అదీ చీనా పేరే.

బత్తాయిబుట్ట:
చీనీ మీ సీమ మాట. మాకు బత్తాయి. అది బటావియా, అంటే ఇప్పటి జకార్తా. డచ్చివాళ్లు 1619లో ఆ పేరు పెట్టారు. అంతకుముందే మచిలీపట్నంలో వాళ్ల కోఠీ (వర్తక స్థావరం) ఉంది. బటావియా – బత్తావి – బత్తాయి, ఇంత నేరుగా కుదిరే దారి ఇంకొకటి చూపించండి. పంపరపనస కూడా డచ్చి పొంపెల్మూస్‌కు ఎంత దగ్గరో చూడండి.

ఛందోమిత్ర:
టకారం తకారమై, పైగా ద్విత్వమయింది. దానికి సమాధానం చెప్పాలి కదా.

బత్తాయిబుట్ట:
పరభాషా పదాల్లో డచ్చి, పోర్చుగీసు టకారాలు మనకు తకారంగా వినిపించడం మామూలే. అవి పళ్లకు తగిలి పలికేవి, మన టకారంలా నాలుక మడిచేవి కావు. ఇంగ్లీషు టకారాన్నే మనం 'ట'గా తీసుకున్నాం. ద్విత్వం గురించి మీరన్నది ఒప్పుకోదగ్గ అభ్యంతరమే.

సీమతోట:
పేర్లు కలిపేసినా కాయలు కలపకండి. మోసంబి మొజాంబిక్ పేరు, అదొక రకం. మన తోటల్లో ఎక్కువగా ఉన్నది సాత్‌గుడి. మోసంబి తొక్క మీద నిలువు చారలుంటాయి, అడుగున గుండ్రటి వలయం ఉంటుంది. సాత్‌గుడి నున్నగా, గుండ్రంగా ఉంటుంది. బత్తాయి రసం అని ఒకటి అడిగితే ఇంకొకటి పిండి ఇస్తారు, రుచి తేడా అక్కడే వస్తుంది.

ఇంకో ఊరి పేరు ఈ చెట్టు మొదట్లోనే ఉంది. సాత్‌గుడి కన్నును (కొమ్మ మీది మొగ్గను) రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటుకడతారు. రంగపూర్ ఇప్పటి బంగ్లాదేశ్‌లోది. నేల నుంచి జానెడు ఎత్తులో తొక్కను టి ఆకారంలో కోసి, కన్ను దూర్చి, కన్ను మాత్రం బయటికి కనిపించేలా పట్టీ చుట్టాలి. నాటేటప్పుడు ఆ అతుకు మట్టిలో కూరుకుపోతే తడికి మొదలు కుళ్లుతుంది, బంక కారుతుంది. పాదులో నీళ్లు కాండానికి తగలకుండా చుట్టూ మట్టి ఎగదోయడం అందుకే.

కావ్యపాఠి:
మచిలీపట్నం ఊసు వచ్చింది కనుక మస్లిన్ సంగతీ తేల్చాలి. మచిలీపట్నానికే ఉన్న మసూలా అన్న పేరు నుంచి మస్లిన్ అనే సన్ననూలు బట్ట పేరు వచ్చిందని మనవాళ్లు రాస్తుంటారు. ఆధారంగా చూపేది ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథం: "మసాలియాలో మస్లిన్లు విరివిగా తయారవుతాయి" అని. అది ఇంగ్లీషు అనువాదం. గ్రీకు మూలంలో ఉన్నది "సిందోనెస్", సన్నని బట్టలు అని అర్థం. మస్లిన్ అన్న మాట అనువాదకుడు వేసింది. ఆ మాటతో ఊరి పేరును రుజువు చేయడం వలయంలో తిరగడమే.

మగ్గంమాట:
మస్లిన్ పేరు ఇరాక్‌లోని మోసుల్ ఊరి నుంచి వచ్చిందనే వాదంలోనూ ఓ చిక్కుంది. మార్కో పోలో మోసోలిన్ అన్నది మోసుల్ బట్టలనే, కానీ అవి పట్టు, బంగారు జరీ బట్టలంటాడు. సన్నని నూలు బట్ట కాదు. పేరు ఆ ఊరిదే కావచ్చు, సరుకు మాత్రం మధ్యలో మారింది. సన్ననూలు ఎలా వస్తుందో తెలియాలంటే పొందూరు చూడాలి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నని పళ్లు పోగును తెంపకుండా నలుసును తీసేస్తాయి. ఇనుప దువ్వెనతో దువ్వితే పోగు తెగి పొట్టిదవుతుంది, వడికేటప్పుడు నిలవదు.

బత్తాయిబుట్ట:
మగ్గంమాట గారూ, మీ గుర్తు గద్వాలకు పనిచేయదు. "గద్వాల కట్టుకుంది" అంటాం, చీర అనకుండానే తెలుస్తుంది. కానీ "ఫలానా ఊళ్లో నేసిన గద్వాల" అంటే నేతవాళ్లు ఒప్పుకోరు.

మగ్గంమాట:
ఒప్పుకోకపోవడానికి కారణం పనితనంలో ఉంది. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. మూడు కండెలతో, అంచు పేకను (అడ్డపోగును) ఒంటి పేకతో మగ్గం మీదే ముడివేసుకుంటూ పోవాలి, కుప్పడం అంటారు దాన్ని. విడిగా నేసి కుట్టిన అంచు వెనకవైపు కుట్టుతోనే తెలుస్తుంది. నూలును ముందే తడిపి ముడుచుకోనివ్వకపోతే మొదటి ఉతుకులో ఒళ్లు దగ్గరపడి, పట్టు అంచు అలల్లా లేస్తుంది.

పద్యప్రియ:
అందరూ చోటు పేరు ముందు వస్తుందంటున్నారు. గోవ, భోట అకారంతో ఉన్నాయి, హురుమంజి ఇకారంతో ఉంది. అంటే పద్యం రెండు వైపులా సాక్ష్యం చెబుతోంది. చీనికర్పూరం కాక, శ్రీనాథుడే విడిగా "చీన" అని తెలుగు మాటగా వాడిన చోటు ఏదైనా తెలిస్తే చెప్పండి.

బత్తాయిబుట్ట:
అది వెతుకుతాను. ఈలోపు ఒకటి చెప్పాలి. బందరు లడ్డులో బందరు మొదట ఊరి పేరు కాదు, పారసీకంలో రేవు అని అర్థం. సామాన్య పదం ఊరి పేరై, మళ్లీ తిండి పేరయింది. దాని అసలు పేరు తొక్కుడు లడ్డు, చేసే పనిని చెప్పే పేరు. శనగపిండి కారప్పూసలా నూనెలో వేయించి, చల్లారాక దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ మళ్లీ దంచాలి. జల్లించడం మానేస్తే నోట్లో పలుకు తగులుతుంది. పాకం ముదిరితే ఉండ రాయవుతుంది. లేతగా ఉంటే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది.

సీమతోట:
రెండోసారి దంచేటప్పుడు పిండి గోరువెచ్చగా ఉండాలి. చల్లారితే నెయ్యి లోపలికి ఇంకదు.