మిల్లు లెక్కల కోసం ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి?

ప్రశ్న: బీకాం విద్యార్థి, మిర్యాలగూడ

సెలవుల్లో మా మేనమామ రైస్ మిల్లులో లెక్కలు రాస్తుంటాను. ధాన్యం లారీ రాగానే కాంటా తూకం, తేమ శాతం, తరుగు, రైతుకు చెల్లించవలసిన మొత్తం ముందు తక్‌పట్టీ అనే చీటీలో, తర్వాత పెద్ద పుస్తకంలో, రాత్రి మళ్లీ ఎక్సెల్‌లో ఎక్కిస్తాం. ఒకే అంకెను మూడుసార్లు రాయడం వల్ల ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతూనే ఉంటుంది. ఈ పనికి నేనే ఒక ప్రోగ్రాము రాయాలనుకుంటున్నాను. ఒక కోచింగ్ కేంద్రంలో అడిగితే ముందు సి, తర్వాత సి ప్లస్ ప్లస్, ఆపైన జావా అంటూ ఏడాదిన్నర వరుస చెప్పారు. స్నేహితులేమో పైథాన్ చాలంటున్నారు. రేపు ఉద్యోగానికి కూడా ఉపయోగపడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

జవాబు 1: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నల్గొండ

మీ అసలు చిక్కు ఒకే సమాచారం మూడు చోట్ల ఉండటం కాబట్టి ముందు నేర్చుకోవలసింది ఎస్‌క్యూఎల్, అంటే డేటాను పట్టికల్లో దాచి, వెతికి తీసే భాష. రైతులకు ఒక పట్టిక, లారీలకు ఒకటి, చెల్లింపులకు ఒకటి అని కాగితం మీద గీసుకోండి. ఆ పట్టికలను నడిపించడానికి పైథాన్ సరిపోతుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ దానితోపాటే వస్తుంది, డేటా అంతా ఒకే ఫైలులో ఉంటుంది, సర్వరు అక్కరలేదు.

సి భాషలో ఒక చిన్న ఉచ్చు ఉంది. సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యాన్ని మిల్లులో ఆడించి బియ్యంగా అప్పగించే పద్ధతి) కింద క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి కదా. సి ప్రోగ్రాములో పూర్ణాంకాలుగా 67ను 100తో భాగించి, ఆ ఫలితాన్ని ధాన్యం బరువుతో గుణిస్తే, లారీ నిండా ధాన్యం వచ్చినా బియ్యం సున్నా కిలోలని వస్తుంది, ఎందుకంటే దశాంశం తర్వాతి భాగాన్ని అది వదిలేస్తుంది. పైథాన్ 3లో అదే భాగహారం 0.67 ఇస్తుంది. అయితే పైథాన్‌లోనూ 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 కనిపిస్తుంది కాబట్టి, డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగానే దాచుకోండి.

జవాబు 2: కంప్యూటర్ అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

పై సలహాతో ఏకీభవిస్తూనే సి పక్షాన ఒక మాట చెప్పాలి. 1972 ప్రాంతంలో డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన ఆ భాషలోనే నేటికీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ చాలావరకు ఉంది, ఎక్కువమంది వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ ప్రోగ్రాములను నడిపించేది) కూడా ప్రధానంగా అందులోనే రాశారు. రేపు తేమ కొలిచే పరికరాన్నో, కాంటానో మీరే తయారు చేయాలనుకుంటే సి బాగా పనికొస్తుంది. లెక్కల పుస్తకానికి మాత్రం ఏడాదిన్నర ఎదురుచూడనక్కరలేదు. ఉద్యోగం సంగతికొస్తే, ఎస్‌క్యూఎల్ వచ్చిన బీకాం విద్యార్థికి బ్యాంకింగ్, అకౌంట్స్ రంగాల్లో దారి ఉంటుంది. జావా పెద్ద సంస్థల్లో బాగా నడుస్తుంది, తర్వాత నేర్చుకోవచ్చు.

రైతుల పేర్లు, ఊర్లు తెలుగులో ఎక్కిస్తారా? మన కంటికి ‘నల్గొండ’ మూడు అక్షరాలే. పొడవు అడిగితే పైథాన్ ఒత్తు, గుణింతం, సున్నా గుర్తులను విడిగా లెక్కించి 7 అంటుంది, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) దాచిన అదే మాటకు సి 21 బైట్లు లెక్కిస్తుంది. అంతకంటే పెద్ద తలనొప్పి, ఒకరు నల్గొండ అని, ఇంకొకరు నల్లగొండ అని రాస్తే ఒకే ఊరు రెండు ఊర్లవుతుంది. ఏ భాష ఎంచుకున్నా ఆ తప్పును అది పట్టదు. ఊరి పేరును టైపు చేయనీయకుండా జాబితాలోంచే ఎంచుకునేలా పెట్టండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

మూడు పట్టికలు నిన్న రాత్రే గీశాను. మా ఎక్సెల్ ఫైలు తెరిచి చూస్తే ఒకే ఊరు నాలుగు రకాలుగా ఉంది! పైథాన్, ఎస్‌క్యూఎల్‌తోనే మొదలుపెడుతున్నాను. ఈ సీజను ముగిసేదాకా పెద్ద పుస్తకం మాత్రం ఆపకూడదని మామయ్య షరతు పెట్టారు.