పడమటి కిటికీకి ప్లీటెడ్ బ్లైండ్స్: ఒంటి పొరా, తేనెపట్టు రకమా?

ప్రశ్న:
నమస్కారం. విశాఖపట్నంలో మా ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. పడకగదికి పడమటి వైపు అయిదడుగుల వెడల్పు గల యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ఉంది. పైన సజ్జా ఉన్నప్పటికీ, మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి నేరుగా మంచం మీదే పడుతోంది. ఆ కిటికీ పక్కనే మా మూడేళ్ల పాప పడుకుంటుంది. నేల దాకా వేలాడే కర్టెన్లు వద్దనుకుని, మడతలు మడతలుగా పైకి ముడుచుకునే ప్లీటెడ్ బ్లైండ్స్ చూస్తున్నాము. ఒంటి పొర రకం మంచిదా, తేనెపట్టు గదుల్లా రెండు పొరలుండే రకం మంచిదా? సముద్రపు గాలికి నిలుస్తాయా? వాడినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
హైదరాబాదులో మేము రెండు రకాలూ వాడుతున్నాము. తేనెపట్టు రకంలో పొరల మధ్య కదలకుండా నిలిచే గాలి వేడిని కొంత ఆపుతుంది. కానీ మీ గదిలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాబట్టి, గాజు వైపు ఉండే ముఖం తెల్లగానో వెండి పూతతోనో ఉండటం అంతకన్నా ముఖ్యం. ముదురు రంగు గుడ్డ ఎండను పీల్చుకుని ఆ వేడిని గదిలోకే వదులుతుంది, తెలుపైతే అందులో చాలా భాగాన్ని తిరిగి గాజు గుండానే బయటికి పంపుతుంది. గది వైపు రంగు మీ ఇష్టం.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. మా హాలులోని తేనెపట్టు బ్లైండు గదుల్లోకి చిన్న పురుగులు దూరి చనిపోయాయి, ఉదయం వెలుతురు పడగానే అవి నల్లని చుక్కల్లా కనబడేవి. హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి ఒక పక్క నుంచి ఊదితే చాలావరకు బయటికి రాలిపోయాయి.

రెండో సమాధానం:
బ్లైండ్లు బిగించడం నా వృత్తి. కిటికీ గూటి లోపల, అంటే గోడ మందంలోనే, బిగించదలచుకుంటే వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలతనే ఇవ్వండి, ఎందుకంటే మన గోడల ప్లాస్టరింగు అంచులు నిటారుగా ఉండటం అరుదు. దోమల మెష్ తలుపు లోపలి ట్రాక్‌లో ఉంటే దాని పిడి ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో కూడా చూడాలి. లేదంటే దింపిన ప్రతిసారీ మడతలు దానికి తగిలి అక్కడే నలిగిపోతాయి. అయిదడుగులకు ఒకే బ్లైండు కాక రెండు వేయించండి. నడుమ సన్నని వెలుగు గీత పడుతుంది గాని, తెరిచిన వైపుది పైకి ఎత్తితే గాలికి కొట్టుకోదు. మీది సముద్ర తీరం కనుక కాగితపు రకం వద్దు. పాలిస్టర్ గుడ్డ, అల్యూమినియం పట్టీ, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు అడగండి.

మూడో సమాధానం:
నేను న్యూజెర్సీలో ఉంటాను. మీరు పాప గురించి రాశారు కనుక, గుడ్డ కన్నా ముందు తాడు సంగతి చూడండి. వేలాడే తాడు పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉన్నందున, ఇక్కడ దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకు పిల్లలకు అందే తాడు ఉండకూడదని 2018 చివరి నుంచి ప్రమాణం అమలులో ఉంది. అడుగు పట్టీని చేత్తో పట్టి ఎత్తే, దించే తాడులేని రకమే తీసుకోండి. మంచాన్ని కూడా కిటికీకి దూరంగా జరపండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే కొలిచాను: పైన 1,512, మధ్యలో 1,506, కింద 1,509 మిల్లీమీటర్లు. మెష్ పిడి 22 మిల్లీమీటర్లు ముందుకు ఉంది. వెనుక తెలుపు ఉన్న, తాడులేని ఒంటి పొర బ్లైండ్లు రెండు, పిడికి తగలనంత ముందుకు బిగించమని చెబుతాను. పాప మంచం ఈ సాయంత్రమే ఎదుటి గోడకు మార్చాము.