వాన పడితే ఆర్‌సీసీబీ పడిపోతోంది: బైపాస్ చేయమంటున్నారు, చేయొచ్చా?

పటమట_ఇల్లు
మాది పటమటలో జీ ప్లస్ వన్. రెండు అంతస్తులకీ కలిపి ఒకటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు), 63 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్లు. గట్టి వాన పడితే చాలు, పడిపోతుంది. ఎంత లేపినా నిలవదు. మొన్న రాత్రంతా కరెంటు లేక కింద అద్దెకున్నవాళ్లతో మాటలు పడ్డాం. ఎలక్ట్రీషియనేమో "ఓవర్‌లోడైతే పడే ఎంసీబీలు ఉన్నాయిగా సార్, దీన్ని బైపాస్ చేసేద్దాం. భయమైతే 100 మిల్లీది వేద్దాం" అంటున్నాడు. నాన్నగారిదీ అదే మాట. నాకే మనసొప్పడం లేదు.

బెజవాడ_వైర్‌మ్యాన్
బైపాస్ అనగానే మమ్మల్ని తిట్టడానికి అందరూ సిద్ధం. పాత ఇంట్లో లీకేజీ పట్టుకోవాలంటే సగం రోజు పోతుందండీ. ఆ కూలి అడిగితే "ట్రిప్పరుకి ఇంతా?" అంటారు. రాత్రి ఫోన్ చేసి "ముందు ఫ్యాను తిరిగేలా చూడు" అనేదీ వాళ్లే. మన చిన్నప్పుడు ఫ్యూజు తీగ తప్ప ఏముంది? అందరూ బాగానే ఉన్నాంగా?

బ్రాడీపేట_ఈఈఈ
కూలి సంగతి నిజం అన్నా, కాదనను. మిగతాది మాత్రం ఒప్పుకోను. ఎంసీబీ ఉన్నది వైరు కోసం, మనిషి కోసం కాదు. ఆంపియరులో పదో వంతు ఒంట్లోంచి పోతే ప్రాణం మీదికొస్తుంది. 230 వోల్టుల దగ్గర అది 23 వాట్ల బల్బు తీసుకునే కరెంటు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లెక్కా?

ఆర్‌సీసీబీ చూసేది వేరే. ఫేజులో వెళ్లినంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా, అంతే. తేడా 30 మిల్లీకి చేరితే పడి తీరాలి, 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. 100 మిల్లీది అగ్నిప్రమాదం ఆపడానికి పనికొస్తుంది, మనిషిని కాపాడటానికి కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనూ ఇళ్లకు 30 దాటకూడదనే ఉంది.

పటమట గారూ, వానకే పడుతోందంటే సగం సమాధానం దొరికినట్టే. వాన తగిలేవి ఏమున్నాయి? డాబా మీద ప్లగ్గు, మోటారు స్టార్టరు, గేటు లైటు. నేను ముందు అనుమానించేది గేటు లైటునే. ప్రహరీ స్తంభం మీద డూము విప్పి చూడండి. అడుగున నీళ్లు, చచ్చిన పురుగులు, వాటి మధ్య టేపు చుట్టిన జాయింటు. మన ఎండలకు ఆ టేపు జిగురంతా కారిపోయి చుట్టలు ఊడొస్తుంటాయి. ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ లేపండి. తర్వాత ఒక్కొక్కటే వేయండి. దేనికి పడితే అది.

పటమట_ఇల్లు
అది చేశామండీ. ఎంసీబీలు అన్నీ దించినా నిలవడం లేదు. అందుకే ఆయన "ఆర్‌సీసీబీయే పోయింది" అంటున్నాడు.

బ్రాడీపేట_ఈఈఈ
ఆ తీర్పు తొందరపాటు. మన డీబీల్లో (ఈ స్విచ్చులన్నీ ఉండే పెట్టెల్లో) సింగిల్ పోల్ ఎంసీబీలు ఫేజునే కోస్తాయి. న్యూట్రళ్లన్నీ ఒకే పట్టీకి, అంటే న్యూట్రల్ లింకుకు, తగిలించే ఉంటాయి. ఎక్కడో ఒక న్యూట్రల్ ఎర్తుకు తగిలితే, మీ ఇంట్లో లోడు లేకపోయినా, వీధిలో వాళ్ల లోడు వల్ల న్యూట్రల్‌లో ఉండే ఒకటి రెండు వోల్టులే దాన్ని పడేయొచ్చు. మెయిన్ దించి, ఆర్‌సీసీబీ కింది వైర్లు రెండూ విప్పి, అది ఒంటరిగా నిలుస్తుందేమో చూడాలి. నిలిస్తే ఆర్‌సీసీబీ మంచిదే. అప్పుడు న్యూట్రల్ లింకులో ఒక్కో వైరూ తీసి 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ఎర్తుకు చూడాలి. ఒక మెగా ఓమ్ కంటే తగ్గినది దొంగ. ఇది మీరు చేయకండి, మెయిన్ దించినా దాని పైవైపు కరెంటు ఉంటుంది. ఆయన చేతే చేయించి, అడిగిన కూలి ఇవ్వండి.

సింగ్‌నగర్_వాసి
2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా డీబీ మునిగింది. చాలామంది హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి అవే వాడుతున్నారు. అలాంటి ఆర్‌సీసీబీ లోపల ఒండ్రు ఉండిపోతే, రేపు పడాల్సినప్పుడు పడుతుందని ఎవరు పూచీ? మునిగినదాన్ని పారేయడమే.

కొత్తపేట_బావ
అసలు తప్పు ఒక్క ఆర్‌సీసీబీ మీద ఇల్లంతా వేలాడదీయడం. గేటు లైటు తడిస్తే ఫ్రిజ్ ఎందుకు ఆగాలి? అంతస్తుకొకటి పెట్టండి, బయటి లైనుకూ గీజరుకూ ఆర్‌సీబీవోలు వేయండి. లీకేజీకీ ఓవర్‌లోడుకీ రెండింటికీ అదే పడుతుంది. విసుగు లేకపోతే బైపాస్ అనే ఆలోచనే రాదు.

బెజవాడ_వైర్‌మ్యాన్
కాగితం మీద బాగానే ఉంటుంది బావగారూ. పాత ఇళ్లలో కింది న్యూట్రలూ పై న్యూట్రలూ ఏదో ఒక జంక్షన్ బాక్సులో కలిసిపోయి ఉంటాయి. పైన ఇన్వర్టరొకటి. దాని ఫేజు ఒక ఆర్‌సీసీబీ కిందా, న్యూట్రల్ ఇంకోదాని కిందా పడితే రెండూ పడతాయి. అప్పుడు మళ్లీ మాకే ఫోను.

బ్రాడీపేట_ఈఈఈ
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. న్యూట్రళ్లు విడదీయకుండా ఆర్‌సీసీబీలు పెంచితే తలనొప్పి పెరుగుతుంది. ఇన్వర్టరు లైనుకు న్యూట్రల్ కూడా విడిగా లాగి, దానికో ఆర్‌సీసీబీ ఇవ్వాలి.

పటమట_ఇల్లు
ఈ రోజు ఆయన్నే పిలిచి, సగం రోజు కూలి ముందే మాట్లాడుకుని చేయించాను. ఆర్‌సీసీబీ ఒంటరిగా నిలిచింది. గేటు లైను న్యూట్రలే ఎర్తుకు తగులుతోంది. దాన్ని విప్పేసరికి అన్నీ నిలిచాయి. గేటుకు కొత్త వైరు లాగేదాకా అక్కడ చీకటే. వైర్‌మ్యాన్ గారన్నట్టు పై గది న్యూట్రల్ ఒకటి కింది దాంట్లో కలిసే ఉంది. అంతస్తులు విడదీయడం సంక్రాంతికి రంగులు వేయించేటప్పుడు పెట్టుకుందాం అన్నారు నాన్నగారు. బయటి లైనుకు ఆర్‌సీబీవో మాత్రం ఇప్పుడే తెప్పిస్తున్నాను.